గంగమ్మకు ధర్మవరం చీర

మా ఆవిడ రామలక్ష్మమ్మ దగ్గర పట్టుచీర నిలవదు. ఈ మాట కోపంతో చెప్పడం లేదు, కోపం ఎప్పుడో అయిపోయింది. పెళ్ళిలో మా నాయన పెట్టిన చీర మా చెల్లెలు తిమ్మక్క పెళ్ళికి వెళ్ళిపోయింది. మా కూతురు పవిత్ర పుట్టినప్పుడు నేను కొన్నది మా మరదలికి నచ్చిందట, మడత కూడా విప్పకుండా ఇచ్చేసింది. మా చేలో కలుపు తీయడానికి వచ్చే యల్లక్క ఇంట్లో పెళ్ళయితే, ఒక్కపూట కట్టుకుని ఇస్తారులే అని ఇంకొకటి పంపింది. ఆ ఒక్కపూట ఇప్పటికీ అయిపోలేదు. నేను గొంతు పెంచితే రామలక్ష్మమ్మ దగ్గర ఒకటే జవాబు.

“బీరువాలో పెట్టుకుంటే అదేమన్నా పిల్లలు పెడతాదా?”

నా పేరు ఓబులేసు. హిందూపురంలో డ్రిప్పు పైపుల అంగడి నాది. పరిగి పక్కన కొంచెం భూమి ఉంది, దాన్ని చూసుకునేది ఆమె. మొక్కకు చుక్కచుక్కగా నీళ్ళు ఎలా ఇవ్వాలో నేను రోజంతా రైతులకు చెబుతుంటాను. ఇంట్లో ఆమె ఏదీ చుక్కచుక్కగా ఇవ్వదు.

పోయిన ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. కొత్తది వేయిస్తే దుమ్ము లేచింది. ఇంకొకటి వేయించాం, మళ్ళీ దుమ్మే. మూడోది వేసే రోజు బోరు లారీ చెవులు పగిలేలా అరుస్తుంటే, దాని పక్కనే నిలబడి ఆమె రెండు చేతులూ జోడించింది.

“గంగమ్మ తల్లీ, ఈసారన్నా పైకి రా. నీకు ధర్మవరం చీర పెడతా.”

మధ్యాహ్నానికి మొదట బురద వచ్చింది, ఆ వెనక నీళ్ళు లేచాయి. లారీవాళ్ళూ మేమూ తడిసి ముద్దయ్యాం. బోరుకు చోటు సరిగ్గా చూపించినవాడి వల్లే నీళ్ళు పడ్డాయని నేను అన్నాను. ఆమె చూసిన చూపుకు ఆ మాట మళ్ళీ నోట రాలేదు.

చీర కొనడానికి ధర్మవరం వెళ్ళాం. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసే పవిత్ర కూడా సెలవు పెట్టి వచ్చింది. తనకోసమైతే మొదటి అంగడిలో మొదటి చీర తీసుకుని లేచే రామలక్ష్మమ్మ, గంగమ్మ కోసం అంగడి తరువాత అంగడి తిరిగింది. ఈ జరీ పలుచన, ఆ అంచు చిన్నది, ఇంకొకటి తల్లికి మరీ ముదురుగా ఉంటుంది. చివరికి మామిడిపండు రంగుకు కుంకుమ రంగు అంచున్న చీర ఒకటి దొరికింది. దాన్ని భుజాన వేసుకుని అద్దం ముందు నిలబడింది. ఒక్క క్షణం ఎక్కువే నిలబడింది.

“నీకు శానా బాగుండాది మా,” అంది పవిత్ర.

“నాకెందుకే,” అని తీసి మడత పెట్టేసింది. ఆ క్షణం నాకు మాత్రం కళ్ళలో ఉండిపోయింది.

కొన్నాక అసలు చిక్కు వచ్చింది. చీరను గంగమ్మకు ఎక్కడ పెట్టాలి? బోరు గుంత జానెడు కూడా లేదు. దాంట్లో వేస్తే మోటారుకు చుట్టుకుంటుంది, అప్పుడు ఇంకో మొక్కు మొక్కాల్సి వస్తుంది అన్నాను. చీర బీరువా ఎక్కింది. మా ఇంట్లో ఒక పట్టుచీర అన్ని నెలలు బీరువాలో ఉండడం అదే మొదలు. ఈలోగా బోరు నీళ్ళు కాస్త సన్నబడ్డాయి. మొక్కు తీరనందుకే అని ఆమెకు దిగులు పట్టుకుంది. అన్నం ముందు కూర్చుని కూడా బోరు వైపే చూసేది.

అప్పుడే పైపుల కంపెనీవాళ్ళు, బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా ముంబై నుంచి లక్షద్వీపాలకు ఓడలో తీసుకుపోతామని కబురు పెట్టారు. నీళ్ళంటే నాకు భయం. వద్దని చెబుదామని ఫోను తీశాను. ఆమె నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

“బోరుకాడ ఎందుకయ్యా. నేరుగా తల్లి ఇంటికే పోయి ఇచ్చొస్తాం.”

అలా ముంబై రైలెక్కాం. సూటుకేసులో నా బట్టలకంటే, ఆమె వేరుశనగపప్పు, బెల్లం దంచి చేసిన చెనిక్కాయ ముద్దలు ఎక్కువ. చీర మాత్రం సూటుకేసులోకి రాలేదు, గుడ్డసంచిలో ఆమె ఒడిలోనే ప్రయాణం చేసింది.

ఓడ అంటే పడవకు పెద్దన్న అనుకున్నాను. తీరా చూస్తే హిందూపురం బస్టాండు చుట్టూ ఉన్న మేడలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి నీళ్ళమీద పెట్టినట్టుంది. లోపల లిఫ్టులు, అంగళ్ళు, పాటలు, ఏ వేళకు పోయినా తిండి. ఎక్కగానే అందరికీ లైఫు జాకెట్లు తొడిగి, ప్రమాదం వస్తే ఏం చేయాలో మైకులో చెప్పారు. మా గుంపును తీసుకొచ్చిన కంపెనీ ఆఫీసరు జయప్రకాష్ దాన్ని తెలుగులో చెప్పాడు. సముద్రంలోకి కాగితం ముక్క కూడా విసరకూడదు, విసిరితే జరిమానా వేసి పక్క రేవులో దించేస్తారు అన్నాడు. రామలక్ష్మమ్మ చెయ్యెత్తింది.

“చీర వేయొచ్చునా నాయనా?”

డీలర్లందరూ నవ్వారు. జయప్రకాష్ నవ్వలేదు. సంగతంతా వినేసరికి అతని ముఖం పాలిపోయింది.

“అక్కా, నీకు దండం పెడతా. నువ్వు చీర వేస్తే నా ఉద్యోగం కూడా దాని ఎనకాలే పోతాది.”

అప్పటినుంచి అతను మా నీడ అయ్యాడు. ఆమెకు తెల్లారకముందే లేచే అలవాటు. చేలో పని లేదు, పేడ తీసేది లేదు, ఊరికే కూర్చోవడం చేతకాదు. సంచి పట్టుకుని పై డెక్కు మీద గుండ్రంగా తిరిగేది. మెడలో తువ్వాలు వేసుకుని, వ్యాయామం చేస్తున్నట్టు జయప్రకాష్ వెనకే తిరిగేవాడు.

“అక్కా, ఆ సంచిలో ఏముండాది?”

“చెనిక్కాయ ముద్దలు. తింటావా?”

ఆ పూట నిజంగానే ముద్దలే. పాపం తిన్నాడు. మరుసటి రోజు అడగకుండానే చెయ్యి చాపాడు.

మా గది కిటికీ తెరుచుకోదు, చూడటానికే. గది శుభ్రం చేసే పిల్లది మంగుళూరు. మేం బయటికి పోయి వచ్చేలోగా తువ్వాళ్ళను మడిచి ఏనుగు బొమ్మ చేసి మంచం మీద పెట్టింది. నేను స్నానానికి దాన్ని తీసుకోబోతే రామలక్ష్మమ్మ చెయ్యి పట్టుకుంది.

“అంత కష్టపడి చేసిండాది. ఏనుగు చెవులు పీకి నువ్వు ఒళ్ళు తుడుచుకుంటావా?”

నా తుండుగుడ్డతోనే సరిపెట్టుకున్నాను. మరుసటి రోజు హంస వచ్చింది, ఆ తరువాత కోతి. మంచం మీద మాకు చోటు తగ్గుతూ వచ్చింది. ఇంకో వింత, ఆ పిల్ల వచ్చేసరికి రామలక్ష్మమ్మే దుప్పట్లు మడిచి, గది తుడిచి కూర్చునేది. పరాయి ఆడపిల్ల చేత మన పక్క ఎత్తిస్తామా అని ఆమె వాదన. కన్నడంలో “ఊట ఆయ్తా?”, అన్నం తిన్నావా అని అడిగి చేతిలో ఒక ముద్ద పెట్టేది. మన హిందూపురం వాళ్ళకు కన్నడం కొత్తేముంది. ఆ పిల్ల మా గదిలో పని చేసిందానికంటే కబుర్లు చెప్పిందే ఎక్కువ. ద్వీపం దగ్గర ఓడ సముద్రంలోనే ఆగుతుందని, చిన్న పడవల్లో ఒడ్డుకు పోవాలని, అక్కడ నీళ్ళు మోకాలి లోతే ఉంటాయని చెప్పింది కూడా ఆ పిల్లే. అది విన్నాక రామలక్ష్మమ్మకు ఆకలి తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం డెక్కు మీద పాటలు పెట్టి అందరినీ చిందులేయమన్నారు. మా డీలర్ల భార్యలు గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె వాళ్ళను చెయ్యి పట్టి లాక్కొచ్చి, కోలలు లేకపోయినా వట్టి చేతులతోనే కోలాటం వేయించింది. ఎవరో పంజాబీ జంట వచ్చి చేరింది, గుజరాతీ ముసలాయన చేరాడు. ఆఖరికి జయప్రకాష్ కూడా అడుగు తప్పుతూ తిరిగాడు. నేను చూస్తూ కూర్చున్నాను. ఇంత సంతోషం ఈ మనిషిలో ఇన్నాళ్ళూ ఏ మూల ఉందో అనిపించింది.

ద్వీపం వచ్చింది. ఓడలోంచి చిన్న పడవలోకి దిగేటప్పుడు నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పడవ కింద నీళ్ళు లేనట్టే ఉన్నాయి, అంత తేట. అడుగున ఇసుక, రాళ్ళు, రంగు చేపలు అన్నీ కనబడుతున్నాయి. ఒక పెద్ద తాబేలు మా కిందుగా నిదానంగా ఈదుతూ పోయింది. రామలక్ష్మమ్మ చంటిబిడ్డను చూసినట్టు వంగి చూసింది. పడవ నడిపే ముసలాయన దాన్ని చూపించి హిందీలో ఏదో చెప్పాడు. ఒకసారి ఇలాంటి తాబేలు మెడకే గుడ్డపీలిక చుట్టుకుని చావబోతుంటే తాను కోసి వదిలాడట. జయప్రకాష్ ఆ మాటలు తెలుగులో చెప్పేసరికి ఆమె ముఖం మారింది. ఒడ్డు చేరేవరకు సంచిని గుండెలకు హత్తుకునే కూర్చుంది.

ఇంతదూరం వచ్చి మొక్కు తీర్చకుండా వెనక్కి పోతే ఈ మనిషి తట్టుకోగలదా అని నాకు భయమేసింది. ఎలా ఓదార్చాలా అని మాటలు వెతుక్కుంటుంటే ఆమె కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని నీళ్ళలోకి నడిచింది. జయప్రకాష్ బూట్లతోనే పరుగెత్తాడు.

“అక్కా, వద్దక్కా.”

“భయపడొద్దప్పా, నేను ఇడిచిపెట్టను. తల్లి బిడ్డల మెడకు చుట్టుకునే చీర నేనెట్ల పెడతా? ఏమయ్యా, ఆడ నిలబడి చూస్తాండావే. వచ్చి ఈ కొంగు పట్టుకో.”

నేను ప్యాంటు మడుచుకుని దిగాను. భయం మరిచిపోయానని తరువాత గుర్తొచ్చింది. ఒక కొస నా చేతిలో, ఇంకో కొస ఆమె చేతిలో. అంచుకు పసుపూ కుంకుమా అద్ది, చీర మొత్తం నీళ్ళమీద పరిచాం. మామిడిపండు రంగు చీర అలతోపాటు లేచింది, అలతోపాటు దిగింది. జరీ ఎండకు మెరిసింది. దాని నీడలో చిన్న చేపలు వచ్చి చేరాయి.

“కట్టుకో తల్లీ,” అంది ఆమె. “నిదానంగా కట్టుకో, తొందరేం లేదు.”

చేతులు లాగుతున్నాయి. “ఎంతసేపే? ఆయమ్మ కుచ్చిళ్ళు కూడా పెట్టుకుంటాదా ఏమి?” అన్నాను.

“పెట్టుకోనీ. నువ్వు గట్టిగా పట్టుకో.”

ఒడ్డున మావాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. ఆమె తృప్తిపడి తల ఊపాక చీర తీశాం, నీళ్ళు కార్చి మడిచాం. ఆమె ముఖం, ఆ రోజు బోరులో నీళ్ళు లేచినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

మొక్కు తీరింది గానీ నాకు కొత్త దిగులు మొదలైంది. తిరుగు పడవలో ఆమె చుట్టూ ఉన్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. మా చెల్లెలి పెళ్ళికి ముందు, యల్లక్క ఇంటి పెళ్ళికి ముందు ఇలాగే చూసింది.

“తల్లి కట్టి ఇడిచిన చీర. ఎవురన్నా ఆడబిడ్డకు ఇయ్యాల,” అంది. “ఆ మంగుళూరు పిల్లకు ఇస్తే ఎట్లుంటాది?”

“నువ్వే కట్టుకో,” అన్నాను.

“మొక్కినోళ్ళే ఎనక్కి తీసుకుంటే అది ఇచ్చినట్ల ఎట్లయితాదయ్యా?”

నేను గుడిలో గంట కూడా కొట్టని మనిషిని. ఆ రోజు ఆ మాట నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు.

“గుడిలో టెంకాయ కొడితే పూజారి ఒక చిప్ప మన చేతిలోనే పెడతాడు కదా. దాన్ని ఎవురు తింటారు?”

“మనమే.”

“మళ్ళ అది ఎనక్కి తీసుకున్నట్ల కాదా?”

“అది తల్లి ఇచ్చింది.”

“ఇదీ తల్లి ఇచ్చిందే. ఇంకొకరికి ఇచ్చేసినావంటే ఆయమ్మ ఇచ్చింది నువ్వు వద్దన్నట్లే.”

ఆమె ఓడ చేరేవరకు తడి చీరను నిమురుతూ కూర్చుంది. జీవితమంతా రైతులకు నచ్చజెప్పి పైపులు అమ్మాను. ఇంత కష్టపడి ఎవరికీ నచ్చజెప్పలేదు.

చీర మా గదిలోనే ఆరింది. మంచం మీది ఏనుగూ, హంసా, కోతీ దాన్ని మోశాయి, ఇన్నాళ్ళకు వాటికి ఒక పని దొరికింది. మంచినీళ్ళలో జాడిస్తానని మంగుళూరు పిల్ల అడిగితే రామలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. ఉప్పు చారలు అలాగే ఉండిపోయాయి.

చివరి సాయంత్రం అందరూ బాగా తయారై భోజనానికి రావాలన్నారు. ఆమె నన్ను గది బయట నిలబెట్టి తలుపు వేసుకుంది. తెరిచినప్పుడు ఆ చీరలో ఉంది. పెళ్ళి తరువాత ఆమెను కొత్త పట్టుచీరలో చూడటం అదే మొదటిసారి. ఉప్పు చారలు అంచుపొడవునా తెల్లగా మెరుస్తున్నాయి. బాగుందని చెప్పాలనుకుని, ఆమె భుజం మీది కొంగు మడత సరిచేశాను. ఇద్దరం డెక్కు మీదికి నడిచాం. అక్కడ సముద్రం వైపు తిరిగి నేను దండం పెట్టాను. ఆమె ఓరకంట చూసింది.

“నువ్వెందుకు మొక్కుతాండావు? నీళ్ళు పడింది చోటు చూపించినోని వల్ల కదా.”

“నీళ్ళకు కాదే,” అన్నాను. “ఇన్నేండ్లుగా ఎంతమందికి ఇస్తివి. నీకు ఎనక్కి ఇచ్చింది ఆయమ్మ ఒక్కతే. దానికి మొక్కినా.”

ఆమె కొంగు ముందుకు లాక్కుని, నా చెయ్యి పట్టుకుంది.

“పదయ్యా,” అంది. “అన్నం చల్లారిపోతాది.”