అమ్మ గొంతు అందని హెడ్‌ఫోన్లు

నా చిన్నప్పుడు, చనిపోయిన మా అమ్మ రోజూ సాయంత్రం మా గదిలో మాట్లాడేది. దెయ్యం కథ మొదలుపెట్టిందనుకోకండి, జరిగిందే చెబుతున్నాను. అప్పుడు మేం సూరత్‌లో భేస్తాన్ దగ్గర ఉండేవాళ్ళం. కింద మా బాపు, అంటే నాన్న, పనిచేసే మరమగ్గాల షెడ్డు, దాన్ని అక్కడ ఖాతా అనేవారు. పైన వరసగా మా గదులు. మగ్గాలు నడుస్తున్నంతసేపూ అటక మీద గిన్నెలు గలగలలాడుతూనే ఉండేవి.

అమ్మ కాన్పుకని కరీంనగర్ వైపు మా అమ్మమ్మగారి ఊరికి పోయింది. ఇక్కడే కంటానని ఆమె మొండికేస్తే, ఆసుపత్రిలో దగ్గరుండి చూసే ఆడదిక్కెవరని కోప్పడి బాపే పంపించాడు. బడి పోతుందని నన్ను మాత్రం ఉంచుకున్నాడు. మావాళ్ళలో అప్పుడు ఉత్తరాలకన్నా క్యాసెట్లు ఎక్కువ నడిచేవి. ఊళ్ళో టేపురికార్డరు ఉన్నవాళ్ళింట్లో అందరూ చుట్టూ కూర్చుని వంతులవారీగా మాట్లాడి, సూరత్ వచ్చే మనిషి చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్ళు. అమ్మా అట్లాగే పంపింది. అది మా చేతికొచ్చిన కొన్నాళ్ళకే కబురొచ్చింది. అమ్మ లేదు. బిడ్డా దక్కలేదు.

బాపు పోయి కర్మలు చేసి వచ్చాడు. వచ్చినప్పటినుంచి పని దిగగానే ఆ క్యాసెట్ పెట్టుకుని కూర్చునేవాడు. అప్పుడు బయటపడింది అసలు సంగతి, ఆయన చెవులు దాదాపు పోయాయని. ఏళ్ళ తరబడి మగ్గాల మధ్య నిలబడ్డవాళ్ళందరిదీ అదే గతి. ఖాతాలో ఎవరూ మాట వినరు, పెదవులు చూసి పోల్చుకుంటారు. ఇంట్లోనూ తాను మా పెదవులే చూస్తున్నాడని పాపం ఆయనకే తెలియదు. క్యాసెట్‌కు పెదవులెక్కడివి చెప్పండి!

సూరత్ మనుషులకు మగ్గాల చప్పుడులో వినబడాలని ఊరివాళ్ళు క్యాసెట్లో అరిచి మాట్లాడేవారు. 'గట్టిగ చెప్పు బిడ్డా' అని ఎవరో అమ్మను గదమాయించడం కూడా అందులో పడింది. అమ్మ గొంతు చించుకుని, బాగున్నానని, పిల్ల జాగ్రత్తని అరిచింది. ఆ మాటలు నేను బాపు ఎదురుగా కూర్చుని పలికి చూపించేదాన్ని. అయితే చివర్లో, చుట్టూ ఉన్నవాళ్ళు లేచి పోయాక, అమ్మ మళ్ళీ మాట్లాడింది. మెల్లగా. కింది మగ్గాల చప్పుడులో అది నాకూ అందలేదు. అదేమిటో తెలుసుకోవాలి, బాపుకు అదొక్కటే యావ. తన మీద కోపంతోనే పోయిందా అని లోపల కుమిలిపోయేవాడు.

వినబడటం లేదని టేపురికార్డరు సౌండు గుండీ చివరిదాకా తిప్పేవాడు. ఆ చిన్న పెట్టె ఎంతకని ఓర్చుకుంటుంది? అమ్మ గొంతు పగిలిపోయి, రేకును గీకినట్టు వరండా అంతా వినబడేది. పిల్లలు మా గది ముందునుంచి నడవడం మానేశారు. అబద్ధమెందుకు, నేనూ దుప్పట్లో దూరేదాన్ని. ఆ అరుపు మా అమ్మది కాదనిపించేది.

చివరికి పక్కింటి పెద్దమ్మ వచ్చి గడపలో నిలబడింది. "గట్ల రోజూ గుంజుతె సచ్చినామె ఎట్ల పోతది? పిల్లగాండ్లు జడుసుకుంటున్రు. ఆదివారం ఆ క్యాసెట్ తాపీ నదిల కలిపి రా తమ్మీ" అంది. బాపు ఆమె పెదవుల వంక చూసి, సరేనని తలూపాడు. అమ్మను నదిలో వేసి వస్తాడని నేను వెక్కి వెక్కి ఏడ్చాను.

మర్నాడు ఆయన పాతసామాను బజారునుంచి హెడ్‌ఫోన్లు తెచ్చాడు. బరువైనవి, పెద్ద గిన్నెల్లాంటివి. ఎంతో ఆశగా తగిలించుకుని గుండీ తిప్పాడు. నన్ను పెట్టుకుని చూడమంటే పెట్టుకున్నాను. దోమ రొదపెట్టినట్టుంది, అంతే. బాపు తన చెవులు పట్టుకుని, "గివే పోయినయ్, ఇంకేమింటయ్" అన్నాడు. బాపు ఏడవడం నేను అప్పుడే చూశాను.

వరసలో చివరి గదిలో మైకు మామ ఉండేవాడు. పెళ్ళిళ్ళకు, గణపతి మంటపాలకు మైకుసెట్లు కిరాయికిచ్చేవాడు. పరుగెత్తిపోయి ఆయన చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన హెడ్‌ఫోన్లను తిప్పి, మీద ఉన్న అంకె చూసి నవ్వాడు. బాపుకు పెదవులు కనబడేలా ఎదురుగా కూర్చున్నాడు.

"నీ చెవులది గాదు బావా తప్పు, జోడీ కుదరలే. నీ పెట్టె ఎనిమిది ఓముల స్పీకరు కోసం చేసింది. గివేమో ఆరు వందలయి. సన్నతీగ, మస్తు చుట్లు. దీన్నే ఇంపీడెన్స్ అంటరు. మన కింద నల్లాల నీళ్ళు ధారగ పడ్తయ్, మరి పైకి ఎక్కుతయా? జోరుండాలె. వీటికి గూడ గంతే."

రోజూ బిందెలు మోసి మెట్లెక్కేదాన్ని, నాకు ఇట్టే అర్థమైంది. మర్నాటి సాయంత్రం ఆయన పాత రేడియోలోంచి ఊడదీసిన, ఆ జోరు పెంచే చిన్న ట్రాన్స్‌ఫార్మరు తెచ్చాడు. అగ్గిపెట్టె కన్నా చిన్నది. లావు తీగ చుట్టలు పెట్టె వైపు, సన్న తీగ చుట్టలు హెడ్‌ఫోన్ల వైపు కలిపాడు. గుండీని పూర్తిగా తగ్గించి, అప్పుడు బాపు తలకు తగిలించి, కొంచెం కొంచెం పెంచుకొమ్మన్నాడు. నేనూ విందామని పక్కన చేరితే, నా భుజం పట్టుకుని బయటికి నడిపించాడు. "ఆమె ఆయనకు చెప్పింది బిడ్డా. మనది గాదు" అన్నాడు. ఆయన చేసిన మరమ్మతు కన్నా ఆ మర్యాదే నాకు పెద్దదిగా తోస్తుంది.

వరండాలోనుంచి చూస్తూనే ఉన్నాను. క్యాసెట్ చప్పుడేమీ బయటికి రావడం లేదు. బాపు మాత్రం ఎదురుగా మనిషి కూర్చున్నట్టు తలూపుతున్నాడు, మధ్యమధ్య ఏదో జవాబిస్తున్నాడు.  కాసేపటికి హెడ్‌ఫోన్లు తీసి, వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"మీ అమ్మకు నా మీద కోపం లేదురా. భయమైతాంది, జర వచ్చి తీస్కపో అన్నది" అన్నాడు.

ఆ క్యాసెట్ వచ్చేనాటికి అమ్మ బతికే ఉంది. వచ్చి తీసుకుపొమ్మన్న మాట మా గదిలో, మా ఇద్దరి మధ్య, పెట్టెలో ఉంది. బయలుదేరడానికి రోజులున్నాయి. అరిచిన మాటలన్నీ నేను విని చెబితే, బాగుందనుకుని మేం అన్నం తిని పడుకున్నాం. ఎన్నేళ్ళయినా ఇది నన్ను వదలదు. క్యాసెట్‌ను తాపీలో కలపలేదు గానీ, మళ్ళీ అది ఎవరికీ వినబడలేదు. పెద్దమ్మ కూడా ఇంకేమీ అడగలేదు.

ఎదుటి మనిషి గట్టిగా 'బాగున్నా' అంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. మెల్లగా వచ్చే మాటకు తగ్గట్టు మనమే కుదురుకోవాలని మైకు మామ దగ్గర నేర్చుకున్నాను. మొన్న మా కోడలు కాన్పుకని పుట్టింటికి పోయింది. ఫోన్ చేస్తే చుట్టూ జనం, "అంతా మంచిగుంది అత్తమ్మా" అని గలగలా చెప్పింది. సరే అనలేదు, ఫోనూ పెట్టలేదు. ఊరుకున్నాను. అవతల సందడి సద్దుమణిగింది. చాలాసేపటికి, ఊపిరంత మెల్లగా, "నువ్వు రారాదా అత్తమ్మా" అంది.

ఆ పూటే రైలెక్కాను.