అక్క చెప్పిన ‘సాలు’

నా మంచం కింద ఒక ఇస్తరాకుల కట్ట ఉంది. మొన్న మనవరాలి రిసెప్షన్‌లో మిగిలితే నేనే తెచ్చి దాచుకున్నాను. పొద్దున చెంబు ఒలికి ఆ కట్ట తడిసింది. తడిసిన మోదుగాకు వగరు వాసన గదంతా నిండి, నన్ను అరవై ఏళ్ళు వెనక్కి, షేక్‌పేట వెనక గుట్టల్లోకి లాక్కుపోయింది.

ఇవాళ జూబ్లీహిల్స్ అనీ ఫిల్మ్‌నగర్ అనీ పేర్లు పెట్టి గేట్లు బిగించిన ఆ గుట్టలకు అప్పుడు తలుపుల్లేవు. శివరాత్రి దాటితే ఆకంతా రాలి నిప్పుల్లా పూసే మోదుగు చెట్లు, వానలు వెనకబట్టాక బండల సందుల్లో కళ్ళు తెరిచే సీతాఫలాలు, మధ్యాహ్నం కాలు పెట్టనివ్వని బండల వేడి, వాటి మధ్య నేనూ మా నర్సక్కా. అమ్మ పోయాక నన్ను పెంచింది నాకన్నా ఆరేళ్ళు పెద్దదైన ఆ అక్కే. ఎండాకాలమంతా ఆకు కోసి, సన్నపుల్లలతో కుట్టి, రాయి కింద అణిచి పెళ్ళిళ్ళకు ఇచ్చేవాళ్ళం.

రోజూ జొన్నగటక తాగే మాకు తెల్లన్నం కనిపించేది పెళ్ళి బంతిలోనే. మేం కుట్టిన ఇస్తరి ముందే మేం కూర్చునేవాళ్ళం. పొగలు కక్కే అన్నం పడగానే ఆకు వాసన లేచేది, పక్కనే ముద్దపప్పు, వంకాయ కూర, చివరికి గుప్పెడు బూందీ. ఒకసారి ఆ బూందీ అయిపోగానే, ఏడేళ్ళ వాణ్ణి, ఇస్తరి ఎత్తి పట్టి ఇంకింత పెట్టమని అడిగాను. బంతంతా నవ్వింది. అక్క తన ఆకు ముట్టకుండా లేచి నన్ను ఇంటికి ఈడ్చుకుపోయింది.

“అడిగి తింటే అడుక్కున్నట్టేరా. ‘సాలు’ అనాలె. తెలిసినోడైతె పెడ్తడు.”

ఆ తెలిసినవాడు వడ్డన మల్లయ్య. ఊరి పెళ్ళిళ్ళన్నింటికీ గంటె పట్టేవాడు. అతను మనిషి మాట వినేవాడు కాదు, చెయ్యి చూసేవాడు. ఆకు మీద అడ్డంపెట్టిన వేళ్ళు కలిసి ఉంటే నిజంగానే చాలు, ఎడంగా ఉంటే ఇంకో గంటె. తర్వాతి పెళ్ళిలో నేను ‘సాలు’ అని వేళ్ళు చాపితే, నవ్వకుండా రెండు గుప్పిళ్ళు పోశాడు. అక్క అప్పుడు గానీ తన ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

బడి గడప తొక్కకుండా పొట్లాల కాగితాలు చదివి అక్షరం నేర్చినవాణ్ణి నేను, నా మాట మోటుగా ఉంటే ఉండనీయండి. చుట్టాన్ని పిలిచి, చేతికి పళ్ళెం ఇచ్చి, వరసలో నిలబెట్టడం రేషన్ షాపు మర్యాద. ఈ తొంభైల్లో దానికి బఫే అని పేరు. కిందటేడు రెండు పెళ్ళిళ్ళలో మా అక్క ఆకలి లేదంటూ కుర్చీలో కూర్చుని, అక్షింతలు వేసి, పస్తుతో ఇల్లు చేరింది. సొంత మనవరాలి పెళ్ళిలో కూడా అదే జరగాలా?

కేటరింగ్ ఆయన కోస్తా మనిషి, షూటింగులకు కూడా భోజనాలు పంపుతాడు. మా హాల్లో కూర్చుని జాబితా చదువుతుంటే, మా అబ్బాయి గోబీ మంచూరియాకు, రుమాలీ రోటీకి, మూడు రకాల ఐస్‌క్రీమ్‌కు తలూపుతున్నాడు. నేను బంతి భోజనం సంగతి ఎత్తాను.

“బంతి భోజనమా బాబాయిగారూ? అది సినిమా పెళ్ళిళ్ళలో పెడుతున్నామండీ. మొన్ననే సెట్లో నూరుమంది జూనియర్ ఆర్టిస్టుల్ని కూర్చోబెట్టి వడ్డించాం. నిజం పెళ్ళిళ్ళలో ఎవరడుగుతున్నారు?”

నాకు ఒళ్ళు మండింది. “యాక్టింగు చేసెటోళ్ళకు ఇస్తరి, మా అక్కకు లైనా?”

మా అబ్బాయి తలవంచుకున్నాడు. చివరికి మంచూరియా మంచూరియాగానే ఉండి, లాన్ మూలన ఒక్క బంతి ఒప్పందమైంది. తెల్లన్నం, పప్పు, వంకాయ, బూందీ. ఆ సెట్లో మిగిలిన ఆకులే, ఆ సెట్లో వడ్డించిన మనుషులే.

రిసెప్షన్ రోజు సాయంత్రం ఇంకా లైట్లు వేయకముందే పదిమంది ముసలివాళ్ళం చాప మీద కూర్చున్నాం. ఆకు చూడగానే అక్క, కుట్టు వదులైందని తప్పు పట్టింది. వడ్డించేవాళ్ళు వచ్చారు. కెమెరా ముందు నేర్చిన పని కదా, ఎక్కడా ఆగకుండా వయ్యారంగా నడుస్తూ పెట్టుకుపోతున్నారు. అక్క మొదటి గంటెకే చెయ్యి అడ్డంపెట్టి “సాలు” అంది. అతను మాట నమ్మి ముందుకు పోయాడు.

అక్క ఆకు వైపే చూస్తూ కూర్చుంది. నేను లేచి, ముందుకు పోయిన మనిషి చేతిలోంచి అన్నం బకెట్టూ గంటే తీసుకుని వెనక్కి వచ్చాను.

“సాలన్న గదరా” అంది. వేళ్ళు ఎడంగా ఉన్నాయి. పెట్టాను. మళ్ళీ సాలంది, మళ్ళీ పెట్టాను. మూడోసారి వేళ్ళు కలిశాయి.

“మల్లయ్యలెక్కనే పెడ్తున్నవు” అంది, తినడం మొదలుపెడుతూ.

ఇప్పుడు మల్లయ్య లేడు. ఆ గుట్టల మీద వెతికినా మోదుగు కనబడదు. తడిసిన కట్ట విప్పి ఆకులు లెక్కపెట్టుకుంటే పదకొండున్నాయి. ఒక్కొక్కటీ పిట్టగోడ మీద ఎండలో పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టాను. అక్క ఆదివారం వస్తానంది.