టమాటా పెట్టెల్లో కార్ల గూడు

ఆ ఏడు మా ఆయనకి షుగరు ముదిరి కుడికాలి వేళ్లు రెండు తీసేశారు. ముప్పై ఏళ్లు లారీ తోలిన మనిషి మంచం పట్టాడు. పుండు మానింది గానీ మనిషి లేవలేదు. నడవకపోతే ఉన్న కాలూ పోతుందని డాక్టరమ్మ చెప్పింది. నేనూ రోజూ చెప్పేదాన్ని, గోడకి చెప్పినట్టే.

ఆయనకి ఒక్కటే పిచ్చి, బొమ్మ కార్లు. మా గరివిడి ఫ్యాక్టరీలో లోడు వేసుకుని ఏ ఊరు వెళ్లినా, అరచేతిలో పట్టే ఇనప కారొకటి కొనుక్కొచ్చేవాడు. నలభై పైనే ఉండేవి, మంచం కింద రేకుపెట్టెలో. వాటికో గూడు చేసి ఎదుటి గోడకి పెడితే చూడ్డానికైనా లేచి వస్తాడనుకున్నాను. మంచానికీ ఆ గోడకీ ఎనిమిది అడుగులు.

గజపతినగరం సంతలో ఖాళీ టమాటా పెట్టెలు కొని తెచ్చాను. పగలంతా బడిలో పిల్లలకి వంట. సాయంత్రం ఇంటికొచ్చి మేకులు పీకడం, వంగినవాటిని సన్నికల్లు మీద సాపు చేసి మళ్లీ కొట్టడం. టేపు లేదు. ఒక కారునే కొలతగా పెట్టుకుని అరలన్నీ కోశాను. అంతా అయ్యాక చూస్తే, కార్లలో కలిసి ఉన్న లారీ బొమ్మలు మూడూ పట్టలేదు. ఏడుపొచ్చింది. పై వరస మొత్తం ఊడదీసి మళ్లీ మొదలెట్టాను. ఫ్యాక్టరీ నల్లదుమ్ము పడకుండా ముందువైపు ప్లాస్టిక్ షీటు తెరలా కొట్టాను.

పక్కింట్లో ఉండే మా ఆడపడుచు గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఏటొదినా, అన్నకి మళ్లీ బారసాల సేస్తన్నావా?"

"ముందొచ్చి ఈ చెక్క పట్టు, తర్వాత నవ్వుదుగాని" అన్నాను.

గూడు గోడకెక్కింది. ఆయన మంచంలోంచి ఓసారి చూసి, "బాగున్నాది" అని అటు తిరిగి పడుకున్నాడు. నెల గడిచింది. దుమ్ము నేనే తుడిచాను.

దసరా వచ్చింది. మా ఇంట్లో దసరా అంటే లారీ కడిగి, పసుపు కుంకాలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం. అన్నేళ్లూ ఆ పళ్లెం నేనే సర్దాను. ఆ ఏడు పూజకి బండి లేదు. ఊరికే ఉండబుద్ధి కాక, కుంకం నీళ్లలో కలిపి బొమ్మ కార్లన్నిటికీ బొట్లు పెట్టాను.

"ఒసే! ఏటి సేస్తన్నావే?" మంచం మీంచి కేక. ఎన్నాళ్లకో విన్నాను ఆ గొంతు.

"పూజ మావా."

"నీ పూజ మండ! పెయింటు పాడైపోతాది. తుడు, బేగి తుడు!"

తుడిచాను. తెల్ల అంబాసిడరు గులాబీ రంగుకి తిరిగింది. గట్టిగా రుద్దితే ఇంకా పాకింది.

"అలాగ్గాదే, కొబ్బరినూనె ఎట్టి తుడవాల. ఇలా తే."

నూనె గిన్నె తెచ్చాను గానీ, పొద్దున్నించీ నిలబడి నా నడుం పట్టేసింది. వంక కాదు, నిజంగానే పట్టేసింది. గోడకి జారబడి కూర్చుండిపోయాను.

"నావల్ల కాదు మావా. నీ కార్లు, నువ్వే వచ్చి తుడుసుకో."

తిట్టాడు. నన్ను తిట్టాడు, మా పుట్టింటివాళ్లని తిట్టాడు. నేను నడుం పట్టుకునే కూర్చున్నాను. కాసేపటికి, మంచానికి ఆనించి ఉండే చేతికర్ర నేలకి తగిలిన చప్పుడైంది. మధ్యలో రెండుసార్లు ఆగాడు. చెమటలు కక్కుతూ వచ్చి నా పక్కన కూలబడ్డాడు.

"పూజంట, పూజ. టైర్ల కింద నిమ్మకాయలేవే?"

"నీ కారు కన్నా నిమ్మకాయే పెద్దది మావా."

నవ్వలేదు. నూనె గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఆ వేళ ఆరు కార్లు తుడిచి అలిసిపోయాడు. మర్నాడు మిగతావి మంచం దగ్గరికి తెమ్మన్నాడు. నేను తేలేదు. తిట్టుకుంటూనే లేచి వచ్చాడు. అన్నీ అయ్యేసరికి వారం పట్టింది, ఏ కారుకీ ఎరుపు పూర్తిగా పోలేదు. సంతోషపడాల్సిన వారమని తెలుసు. నాకు మాత్రం ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్ర ముంచుకొచ్చేది.