పార్కులో నాకు దొరికిన చెల్లెలు

పెళ్ళికాని కుర్రాడికి అప్పట్లో అద్దెగది దొరకడమే గగనం. దొరికాక ఇంటివాళ్ళు వరస కలిపి పిలిచారంటే ఇక కాళ్ళు నేలమీద ఆనేవి కావు. (ఇప్పటి కుర్రాళ్ళకి ఇది అర్థం కాదు, వాళ్ళు ఓనరు మొహం కూడా చూడరు.) తొంభైల చివర్లో నేను నందివాడ నుంచి వచ్చి బందరులో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. మేడమీద గది ఇచ్చిన ఓనరుగారు మొదటిరోజు నుంచీ నన్ను "అల్లుడూ" అనే పిలిచేవారు. పాలవాణ్ణీ, బస్సు కండక్టరునీ కూడా ఆయన అలాగే పిలిచేవారు. అది తెలిసినా, డిగ్రీ చదివే వాళ్ళమ్మాయి బేబీ పక్కన ఉన్నప్పుడు ఆ పిలుపు నా చెవికి వేరేగా వినిపించేది. ట్యాంకులో నీళ్ళన్నీ నేనే ఖాళీ చేస్తున్నానని బేబీ మెట్లకింద నిలబడి కేకలేసేది. ఆ కేకల కోసం నేను రెండోసారి కూడా స్నానం చేసేవాణ్ణి.

ఒక ఆదివారం ఓనరుగారు మెట్లెక్కి వచ్చి, "అల్లుడూ, సాయంత్రం బీచి పార్కుకి వెళ్తున్నాం. నువ్వూ రావాలి. మీ ఫ్రెండు కెమెరా ఉందన్నావుగా, పట్రా" అన్నారు. అంతకుముందు ఆ పార్కుకి ఒంటరిగా వెళ్తే, "ఫ్యామిలీ లేదా బాబూ? అయితే బయట ఇసకలో తిరుగు" అని వాచ్‌మన్ నన్ను గేటు దగ్గరే ఆపేశాడు. ఈసారి ఇస్త్రీ చొక్కా, అరువు బూట్లు (సముద్రం దగ్గర బూట్లేమిటని అడక్కండి), ఒకచేత పులిహోర క్యారేజీ, చంకలో చాప, మెళ్ళో కెమెరా. ఫ్యామిలీతో సహా గేటు దాటుతూ అతని వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

ఉయ్యాలల పక్కన సరుగుడు చెట్ల నీడలో చాప పరిచాను. ఓనరుగారు మాటిమాటికీ గేటు వైపు చూస్తున్నారు. ఆయన భార్య బేబీ జడలో పూలు సర్దుతూ, "పెళ్ళిచూపులు బాబూ. ఇంట్లో అయితే వీధంతా తెలిసిపోతుంది. కుదరకపోతే పిల్లకి మాటొస్తుందని ఇక్కడ పెట్టుకున్నాం" అన్నారు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం పెళ్ళికొడుకుని నేనే అనుకున్నాను.

అంతలో గేటు దగ్గర తెల్లకారు ఆగింది. గుడివాడ వైపు చేపల చెరువులున్న అబ్బాయి, వాళ్ళమ్మగారు దిగారు. ఓనరుగారు నా భుజంమీద చెయ్యేసి, "మా అబ్బాయి లాంటివాడండీ. బేబీకి అన్నయ్య వరస" అన్నారు. పెళ్ళికొడుకు ఆప్యాయంగా నా చెయ్యి పట్టుకుని, "నమస్తే బావగారూ" అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. అదే బాధ.

కాసేపయ్యాక వాళ్ళమ్మగారు నన్ను పక్కకి పిలిచారు. "మీ చెల్లాయికి కోపం ఎక్కువా బాబూ? నాకు బీపీ. ఇంట్లో కేకలు పడవు."

ఒక్కమాట చాలు. ఉన్నదున్నట్టు చెప్తే చాలు. చాపమీద నుంచి బేబీ నా వైపే చూస్తోంది. అంత బెదురుగా ఆ పిల్ల ఎవర్నీ చూడగా నేనెప్పుడూ చూడలేదు.

"లేదండీ. చాలా నెమ్మదస్తురాలు. గట్టిగా మాట్లాడగా నేను వినలేదు" అన్నాను.

తర్వాత ఫోటోలు. "దగ్గరగా జరగండి, నవ్వండి" అని వాళ్ళిద్దరికీ నేనే చెప్పాలి. చెప్పాను. జరిగారు, నవ్వారు కూడా.

తిరుగు బస్సులో బేబీ వెనక సీట్లోంచి ముందుకి వంగి, "థాంక్సండీ అన్నయ్యా. ఆవిడతో మీరన్నది విన్నాను" అంది.

"నచ్చాడా?"

"ఊఁ."

పెళ్ళి బందరులోనే జరిగింది. లాజహోమంలో పెళ్ళికూతురి దోసిట్లో పేలాలు పోసేది అన్నదమ్ములు కాబట్టి, ఓనరుగారికి కొడుకులు లేరు కాబట్టి, పిలుపు నాకే వచ్చింది. బేబీ మొహం వైపు చూస్తూ సగం పేలాలు పీటమీద పోశాను. "సరిగ్గా పొయ్యి నాయనా, ఆడపిల్ల వెళ్ళిపోతోందని అంత దిగులైతే ఎలా?" అన్నారు పురోహితుడుగారు. పెళ్ళిపందిరంతా నవ్వింది. ఏం చెయ్యాలో తోచక నేనూ నవ్వాను. ఆ నెలాఖరుకి గది ఖాళీ చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఇప్పుడా మేడమీద గది కుర్రాడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది. అంత అవమానంలోనూ భోజనాల దగ్గర మజ్జిగ గ్లాసులు పట్టుకుని బంతి బంతికీ తిరిగాడు. చెల్లెలి పెళ్ళి ఎంత బాధ్యతగా చేశాడోనని అందరూ మెచ్చుకుంటే, పిచ్చివాడు, అందుక్కూడా కాస్త పొంగిపోయాడు.