పిట్ట ముట్టని విస్తరి

మా వాళ్లలో చావు ఇంట తినకుండా లేచిపోవడం కంటే పెద్ద శిక్ష లేదు. తిట్టుకోవచ్చు, కొట్టుకోవచ్చు, పోలీస్ స్టేషన్ దాకా పోయి వచ్చి మళ్లీ పెళ్లిలో ఒకే బంతిలో కూర్చోవచ్చు. కానీ మూడో నాడు విస్తరి ముందు నుంచి లేచారంటే ఆ ఇంటితో తెగిపోయినట్టే. నా తమ్ముడి భార్యకు ఆ శిక్ష పడింది. ఏళ్లు గడిచాయి, అయినా తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని అందరూ అంటారు. ఈ ఒక్క విషయంలో మాత్రం అది అక్కడ ఉండటమే న్యాయం.

తమ్ముడు సిద్దిపేటలో బోరు మోటార్లు బాగు చేసేవాడు. చేతిలో పని ఉంది, ఆ చేతిలోనే సీసా కూడా ఉంది. మొదట సాయంత్రాలు తాగాడు, తర్వాత పొద్దున లేవగానే తాగాడు. మరదలు సీసాలు మోరీలో పారబోసింది, బతిమాలింది, ఒకటి రెండుసార్లు పుట్టింటికి పోయి మళ్లీ తనే తిరిగి వచ్చింది. కళ్లు పచ్చబడి, కడుపు ఉబ్బి వాడు మంచాన పడ్డాక మా వాళ్లలో ఒకాయన పలకరించడానికి వచ్చి, పోతూ పోతూ దిండు కింద క్వార్టర్ సీసా పెట్టి పోయాడు. పక్క దులుపుతుంటే అది ఆమె చేతికే దొరికింది. పాపం, ఆ పెట్టిన మనిషి కూడా ప్రేమతోనే పెట్టాడు. మా దగ్గర ప్రేమ అట్లాగే ఉంటుంది.

కొన్నాళ్లకు దవాఖానలోనే పోయాడు. పిల్లలు లేరు కాబట్టి పెద్దబాపు కొడుకు తలకొరివి పెట్టాడు. మా నాయిన పోయినప్పటి నుంచి ఆయన అన్న, మా పెద్దబాపే, మా ఇంటికి పెద్ద దిక్కు.

మూడో నాడు పిట్టకు పెట్టాలి. అన్నం, మటన్ కూర, గుడ్డు, పోయినవాళ్లకు ఇంకేం ఇష్టమైతే అది విస్తట్లో పెట్టి దూరంగా జరిగి నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టేదాకా ఎవరూ ముద్ద నోట్లో పెట్టరు. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క. తాగే మనిషికైతే గ్లాసులో మందు కూడా పెడతారు. సీసాలో మిగిలింది పాలివాళ్ల మధ్య, అంటే దాయాదుల మధ్య, తిరుగుతుంది.

మా ఊరు నారాయణరావుపేట దారిలో ఉంది. ఊరి వైకుంఠధామంలో, అదే శ్మశానంలో, రేకుల షెడ్డు పక్కన విస్తరి వేశాం. పెద్దబాపు కారు డిక్కీలోంచి సంచి తీసుకుని వచ్చాడు. నడుస్తుంటే సీసాలు గలగలమన్నాయి. ఒక్క పిట్టకు అన్ని సీసాలెందుకని నాకు నోటి దాకా వచ్చింది. ఈలోపు విస్తరి దగ్గర కూర్చున్న మరదలు లేచి ఆయనకు అడ్డంగా నిలబడింది.

"పెద్దమామా, అది వద్దు. గదే ఆయనను తీస్కపోయింది. నేను పెట్ట, ఎవ్వలను పెట్టనియ్య."

దుఃఖంలో ఏదో అంటుందిలే అనుకుని పెద్దబాపు సంచి పక్కన పెట్టాడు. కాసేపటికి తనే దారికి వస్తుందన్నాడు. అందరం ఎదురుచూశాం.

ఈ రోజుల్లో కాకులెక్కడున్నాయి? ఉన్నవన్నీ కోతులే. షెడ్డు మీద నుంచి ఒకటి, గోడ మీద నుంచి రెండు, గుడ్డు మీద కన్నేసి దిగడం మొదలుపెట్టాయి. వరుసకు అన్నదమ్ములైన మగవాళ్లంతా కట్టెలు పట్టుకుని వాటి వెంట ఉరికారు. కోతి ముడితే లెక్కలోకి రాదట. అంత ఏడుపులో కూడా ఆ ఉరుకులాట చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆడవాళ్లున్నారు. ఎండ ఎక్కింది. పిల్లలు ఆకలని గునుస్తున్నారు. ఎట్టకేలకు ఒక కాకి వచ్చి రేకుల మీద వాలింది. విస్తరి వైపు తల వంచి చూసి, ఎగిరిపోయింది.

ఇక అందరి కళ్లూ మరదలి మీదికి మళ్లాయి. మందు కోసమే వాడు ముట్టడం లేదని ఒకరన్నారు, మొండిది మొగుణ్ని ఆకలితో పంపిస్తోందని ఇంకొకరన్నారు. అప్పుడు మా అవ్వ లేచింది. కొడుకు పోయినప్పటి నుంచి పచ్చి గంగ ముట్టని మనిషి. కోడలి ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది.

"పెట్టనియ్యి బిడ్డా. వాని నోరు ఎండుకపోతది."

అత్త కోడలికి దండం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. మరదలు అవ్వ చేతులు పట్టుకుని ఏడ్చింది. కానీ జరగలేదు.

"బతికున్నప్పుడు ఒక్కనాడు నా మాట ఇనలే అత్తమ్మా. గీ ఒక్కపారన్న నా మాట నడవనియ్యి."

నేను పోయి ఆమె పక్కన నిలబడ్డాను. పెద్దబాపు సంచి తీసుకుని, పిట్ట ముట్టని కాడ మేం ముట్టమని చెప్పి కారెక్కాడు. ఆయన వెనుక ఒక్కొక్కరే లేచారు. విస్తట్లోని ఉత్తి అన్నం ఆవుకు పెట్టాం. గంజు నిండా వండిన కూర కుక్కలు తిన్నాయి. అవ్వ కూడా వాళ్లతోనే వెళ్లిపోయింది.

నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. నేను ఆడబిడ్డను, వేరే ఇంటిదాన్ని, నా కోపానికి లెక్క లేదు. దెబ్బంతా ఆమెకే. ఆ తర్వాత పెళ్లి పత్రికలు పంచేవాళ్లు ఆమె గల్లీ దాకా వచ్చి ఆమె తలుపు వదిలి పోయేవాళ్లు. కొండపాక బంధువుల ఇంట్లో ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగకుండా కింద పెట్టారు. ఆమె సిద్దిపేటలో ఒక గది కిరాయికి తీసుకుని హాస్టల్లో వంటకు కుదిరింది. ఆమె వండినది రోజూ బంతులు బంతులుగా పిల్లలు తినేవాళ్లు. మావాళ్లకే అది ఎంగిలైంది.

అవ్వ ఆమెతో మాట్లాడటం మానేసింది. మోకాళ్లు పడిపోయి లేవలేని స్థితి వచ్చినప్పుడు పెద్ద దిక్కులెవరూ రాలేదు. మరదలే ఆటో మాట్లాడుకుని పోయి తన గదికి తెచ్చుకుంది. ఒకే గదిలో ఉంటూ కూడా అవ్వ పంతం వదల్లేదు. నాకు ఫోన్ చేసి, "చారుల ఉప్పు ఎక్కువైందని దానికి చెప్పు" అనేది. ఆమె పక్కనే పొయ్యి దగ్గర ఉండేది. నేను ఫోన్లో నవ్వితే అవ్వకు ఇంకా కోపం వచ్చేది.

అవ్వకు కల్లంటే ప్రాణం. ఒక సాయంత్రం నోరు చప్పగా ఉందని గోడకు చెప్పుకుంది. మరదలు కల్లు కాంపౌండుకు పోయి, మగవాళ్ల మధ్య నిలబడి, ఒక సీసా తెచ్చి మంచం పక్కన పెట్టింది. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అవ్వ చాలాసేపు ఆ సీసా వైపే చూసింది.

"నీకు దీని వాసన పడది గదనే."

"నీకు పడ్తది గద అత్తమ్మా."

ఆ రోజు నుంచి ఉప్పు సంగతి అవ్వ నేరుగా ఆమెకే చెప్పేది.

అవ్వ మొన్న వానాకాలం పోయింది. అదే వైకుంఠధామం, అదే షెడ్డు. అవ్వ కోసం అందరూ వచ్చారు. మూడో నాడు విస్తరి వేశాక అందరూ మరదలి చేతుల వైపే చూస్తున్నారు. ఆమె సంచిలోంచి కల్లు సీసా తీసి మోదుగాకు దొప్పలో పోసి, విస్తరి పక్కన పెట్టి, దండం పెట్టి, వెనక్కి వచ్చింది.

పెద్దబాపు తల ఊపాడు. "గప్పుడు గిట్ల పెడితే ఎంత మంచిగుండు బిడ్డా."

"అత్తమ్మ కల్లుతోని సావలేదు మామా."

కోతులింకా లేవనే లేదు, కాకి వచ్చింది. విస్తరి మీద వాలి ముద్దలో ముక్కు పెట్టింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంకేం మిగిలింది, ఇవాళ్టితో అయిపోయిందనుకున్నాను.

షెడ్డు కింద బంతి వేశాం. మరదలు అన్నం గిన్నె చంకనెత్తుకుని వచ్చింది. మొదట పెద్దబాపు ముందు వంగి గంటె ఎత్తింది. ఆయన విస్తరి మీద చేయి అడ్డం పెట్టాడు. చాలన్నట్టు. ఆ విస్తట్లో అప్పటికి ఉప్పు కూడా వెయ్యలేదు. పక్కనున్న ఆయన కొడుకు కూడా చేయి అడ్డం పెట్టాడు. ఆ పక్కన ఆయన కూడా. ఆమె ఎక్కడా ఆగలేదు, ఎవరినీ అడగలేదు. ఒక్కో విస్తరి ముందు వంగి, లేచి, ముందుకు నడిచింది.

వరుస చివర నేను కూర్చున్నాను. గిన్నె నిండుగానే నా దాకా వచ్చింది.