టేపు పట్టుకున్న మాస్టారు

ఎక్సైజులో ఎస్సైగా పనిచేసినన్నాళ్లూ నేను కలలో కూడా టేపు పట్టుకునే తిరిగాను. ఎక్కడైనా మద్యం షాపు కొత్తగా పెడుతున్నారంటే, బడికీ గుడికీ వంద మీటర్ల దూరం ఉందో లేదో వెళ్లి కొలవాలి. అది కూడా గాల్లో గీత గీసినట్టు కాదు, జనం మామూలుగా నడిచే దారి వెంబడి.

సామర్లకోట దాటాక కాలువ పక్కన ఉన్న ఆ ఊరికి వెళ్లిన ఉదయం నిజంగా జరిగిందా, లేక నేనే ఊహించుకున్నానా అని ఇప్పటికీ అనిపిస్తుంది. అంత మంచు. కాలువ లేదు, వరిచేలు లేవు, ఎక్కడో నీళ్ల చప్పుడు మాత్రం ఉంది. చర్చి మీది శిలువ ఒక్కటే ఆకాశంలో తనంతట తానుగా నిలబడి ఉంది. జీపు దిగి కాసేపు ఎందుకొచ్చానో మర్చిపోయాను.

షాపు చర్చికి మరీ దగ్గరని పంచాయతీ వాళ్లు తీర్మానం చేసి పంపారు. షాపు నుంచి చర్చికి రెండు దారులున్నాయి. కాలువ గట్టు మీదుగా అయితే వంద లోపే. రోడ్డు మీదుగా అయితే వంద దాటుతుంది. జనం నడిచేది గట్టు మీదేనని చర్చి పెద్దలు, కాదు రోడ్డు మీదేనని లాటరీలో షాపు దక్కించుకున్నాయన. నేను వెళ్లకముందే మాటా మాటా పెరిగి, ఆ వైపుల అలవాటే అది, ఇద్దరికీ నమ్మకమున్న మనిషిని ఒప్పుకున్నారు. రిటైరైన మాస్టారు. టేపు కొస ఆయనే పట్టుకోవాలి, దారి ఏదో ఆయనే చెప్పాలి.

ఆయన గురించి డ్రైవరు దారిలోనే చెప్పాడు. ఉద్యోగం చేసినంతకాలం తాగారట. మానేసి రెండేళ్లయిందట. రోజూ సాయంత్రం ప్రార్థనకి వస్తారట. ఆయన ఇల్లు షాపుకి అవతల. ఏ దారిన వచ్చినా ముందు ఆ షాపు దాటాల్సిందే.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, జాలి కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. ఆయన గట్టు అంటే చాలు, ఇంకో ప్రశ్న వేయకుండా గట్టనే రాసేద్దామని జీపులోనే నిర్ణయించుకున్నాను. దిగాక మాస్టారిని దారి ఏదని అడిగాను. ఆయన గట్టు వైపు మంచులోకి చూశారు.

"గట్టు అని చెప్పమన్నారమ్మా అందరూ. నేనూ అలాగే చెబుదామని వచ్చాను. కానీ నిరుడు వానలకి గట్టు కోసుకుపోయిందండి. అప్పట్నుంచి అటు ఎవరం నడవట్లేదు. రోడ్డు మీదే వస్తున్నాం."

కూర్చున్న కొమ్మని నరుక్కునే మనిషిని కళ్లారా చూడటం అదే మొదలు. ఆయన మీద ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. పెద్దలు తలలు దించుకున్నారు. చర్చి గేటు దగ్గర టేపు కొస పట్టుకుని, ఎక్కడా వదులు కాకుండా ఆయనే లాగి పట్టారు. నూట ఆరు వచ్చింది. రాసి సంతకం పెట్టాను.

షాపు తెరిచిన రోజు లైసెన్సు బోర్డూ ధరల పట్టికా చూడటానికి మళ్లీ వెళ్లాను. ఎండ తెల్లగా, నిద్రమత్తుగా ఉంది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చి కౌంటరు ముందు నిలబడ్డారు. సేల్స్‌మన్ నడివయసువాడు, అంతకుముందు రైసుమిల్లులో పనిచేసినవాడు. ఏం కావాలండీ అన్నాడు.

"ఏమీ వద్దు బాబూ. నా మొహం ఒకసారి బాగా చూసుకోండి. ఎప్పుడో ఒకరోజు నేనొచ్చి అడుగుతాను. బతిమాలతాను, తిట్టినా తిడతాను. నాకు మాత్రం ఇవ్వకండి."

అతను నా వంక చూశాడు. ఇరవై ఒకటి నిండనివాళ్లకి అమ్మకూడదని మా రూల్సులో ఉంది. అప్పటికే తాగి తూలుతున్నవాళ్లకి పోయకూడదనీ ఉంది. వద్దని తనే ముందుగా వచ్చి చెప్పుకున్న మనిషి గురించి ఒక్క ముక్క లేదు. అయినా రూలున్నట్టే గొంతు పెంచి, ఈయనకి ఇవ్వడానికి వీల్లేదని చెప్పాను. నా ఉద్యోగంలో అంత ఇష్టంగా చేసిన తప్పు ఇంకోటి లేదు.

కొన్ని నెలల తర్వాత తనిఖీకి వెళ్లినప్పుడు స్టాకు చూశాను, బిల్లులు చూశాను, అడగాల్సింది మాత్రం అడగలేకపోయాను. బయటికి వచ్చేస్తూ గుమ్మం దగ్గర ఆగి, మాస్టారు ఎప్పుడైనా వచ్చారా అన్నాను.

సేల్స్‌మన్ సీసాలు సర్దుతున్నవాడల్లా ఆగాడు.

"రెండుసార్లు వచ్చారండి. మొదటిసారి తిట్టారు, పడ్డాను. రెండోసారి ఏడ్చారండి. ఆ ఏడుపు చూడలేక నేనే సీసా తీసి ఇవ్వబోయాను మేడం. ఆయనే నా చెయ్యి పట్టుకుని వెనక్కి తోసేశారండి."