క్లిప్పుల కింద పోగు

గద్వాలలో చీరలు నేసే ఉమ పళ్లకు క్లిప్పులు వేయించుకుని మూడు నెలలైంది. వారం నుంచి నోరు ఒకటే కంపు. మూడుపూటలా తోముకుంది, ఉప్పునీళ్లు పుక్కిలించింది, లవంగాలు నమిలింది. ఊహూఁ. మగ్గం మీద పక్కనే కూర్చునే మేనత్త ముఖం తిప్పుకున్నప్పుడల్లా, క్లిప్పుల కింద పళ్లు కుళ్లిపోతున్నాయని ఉమ భయపడేది.

చివరికి వనపర్తిలో పళ్ల డాక్టరమ్మ ముందు కూర్చుంది.

"పళ్లన్నీ పీకేస్తరా మేడం?"

డాక్టరమ్మ కొక్కెంతో వెనక పంటి తీగ కింద నుంచి ఏదో లాగింది. ఎర్రటి పట్టుపోగు! దానికి చుట్టుకుని పాచిపోయిన మెతుకులు.

"నోట్ల దారమేందమ్మా?"

ఉమ నాలుక కరుచుకుంది. తెగిన పోగు ముడేసి కొసను పళ్లతో కొరకడం చిన్ననాటి అలవాటు.

"పళ్లు మంచిగనే ఉన్నయ్. దారం కొరకకు. సన్న బ్రష్షుతోని తీగల కింద తోముకో."

మర్నాడు మగ్గం మీద పోగు తెగింది. ముడేసి నోటిదాకా తెచ్చి, ఉలిక్కిపడి ఆగింది. కత్తెర వెతికితే, అందరూ పళ్లతోనే కొరికే ఆ ఇంట్లో ఉంటేగా!

"అత్తా, జర నువ్వు కొరుకు."

మేనత్త ముఖం దగ్గరగా వంచింది. కంపు ఇంకా పోలేదేమోనని ఉమ ఊపిరి బిగబట్టింది.

"ఏందే, ఊపిరి తీస్కో," అంది మేనత్త, ముఖం తిప్పుకోకుండానే.